చెడిన యంత్రము - గృహస్థుని ధర్మము

ఇంటిలో ఒక యంత్రము చెడినప్పుడు గృహస్థుని యెదుట మూడు త్రోవలు కలవు. దానిని పాఱవేసి క్రొత్తది కొనవచ్చును, బాగుచేయువానికి ఒప్పగింపవచ్చును, తానే మూత విప్పి లోపల నేమయినదో చూడవచ్చును. మొదటిదానిని నేటివారు సుఖమందురు, రెండవదానిని వాడుక యందురు. మూడవదానిని మాత్రము కొందఱు పిసినిగొట్టుతనమనియు, కొందఱు పనిలేనివాని వినోదమనియు అందురు. ఇది వట్టి వినోదమేనా, లేక దీనియందొక ధర్మముకూడ నున్నదా, ఉన్నచో అది యెంతవఱకు పోవును, ఎచ్చట ఆగవలెను అను ప్రశ్నను ఈ వ్యాసమున విచారింపదలచితిమి.

ఉదాహరణముగా ఎస్ప్రెస్సో కాఫీయంత్రమును గ్రహించుచున్నాము. దేశమున నిన్ని పెద్ద విషయములుండగా కాఫీయంత్రమా యని చదువరులు నవ్వవచ్చును. పెద్ద విషయములయందు మనము పరుల తప్పులను చూచెదము. చిన్న వస్తువు మన చేతిలో చెడినప్పుడు మన తీరు మనకు కనబడును. పైగా ఈ యంత్రము మాకు తెలిసినది. హైదరాబాదులోను, విశాఖపట్టణములోను, సముద్రము దాటి వెళ్లిన తెలుగువారి యిండ్లలోను ఇది వంటగది బల్లమీదికి ఎక్కినది. మన తాతలనాటి ఇత్తడి ఫిల్టరునందు చెడుటకు ఏమియు లేదు. రంధ్రములు పూడినచో మంటమీద కాల్చి దులిపిన చాలును. ఈ క్రొత్తదానియందన్ననో చెడుటకు తగినన్ని అంగములున్నవి.

ఇది ఇటలీదేశమున పుట్టినది. 1884లో టూరిన్ నగరమున ఆంజెలో మోరియొండో అనునతడు ఆవిరిసాయమున కాఫీ దింపు నొక పెద్ద యంత్రమునకు పేటెంటు పొందెను. 1901లో మిలాన్ నగరమున లుయీజీ బెజ్జెరా ఒక్కొక్క గిన్నెకు వేఱువేఱుగా కాఫీ దిగునట్టి యేర్పాటునకు పేటెంటు కోరెను. ఆ కాలపు యంత్రములలో నీటిని నెట్టునది ఆవిరియే. కావున కాఫీకి మాడువాసన పట్టెడిది. అకీల్లె గజ్జా 1938లో ఆవిరి లేకుండ నీటిని నెట్టు పద్ధతికి పేటెంటు కోరి, యుద్ధానంతరము స్ప్రింగుపిడిని అమర్చుటచే, నేడు మనము కాఫీమీద చూచు బంగారువన్నె నురుగు ఏర్పడెను. 1961లో ఫాయెమా సంస్థ విద్యుత్పంపు గల 'ఇ-61' అను యంత్రమును వెలువరించెను. ఆ యేటి సూర్యగ్రహణమును బట్టి దానికా పేరు కలిగినది. ఇంటి యంత్రములు వీని పిల్లలు.

పిల్లల కడుపులో నున్నదేమి? నీళ్లతొట్టి యొకటి. నీటిని లాగి నెట్టు చిన్న పంపొకటి. విద్యుదయస్కాంతముచే ఇందలి కడ్డీ మన దేశపు కరెంటుమీద సెకనుకు 50 మాఱులు ముందు వెనుకలకు కొట్టుకొనును, యంత్రము పెట్టు గురకకు కారణమిదియే. నీటిని కాచు బాయిలరు, దానికి వేడి మితిమీఱకుండ కాపలాకాయు థర్మోస్టాట్. కాఫీ దిగుట ఆగగానే మిగిలిన ఒత్తిడిని క్రిందితట్టలోనికి వదలు వాల్వు. పొడిగిన్నె పిడిని బిగించుచోట నొక రబ్బరు వలయము. 90 మొదలు 96 డిగ్రీల వఱకు కాగిన నీరు, వాయుమండలపు ఒత్తిడికి ఇంచుమించు 9 రెట్ల ఒత్తిడితో పొడిగుండ పోవును. 18 గ్రాముల పొడినుండి 36 గ్రాముల కాఫీ 25, 30 సెకనులలో దిగినచో పని కుదిరినట్లు. ఇంతకుమించి లోపల మాయ యేదియు లేదు. సైకిలు పంపును, ఇస్త్రీపెట్టెను విప్పి చూచినవానికి ఇందు భయపడవలసినది కొంచెమే. ఆ కొంచెమును తరువాత చెప్పెదము.

ఇక ఒక తెల్లవారుజామున మీట నొక్కగా కాఫీ దిగలేదనుకొందము. అప్పుడు మనము చేయు మొదటిపని యేది? యంత్రమును తిట్టుట. రెండవది దానిని కొట్టుట. మూడవది 'ఇది మొదటినుండియు మంచిది కాద'ని తీర్పు చెప్పుట. విచారణ మాత్రము జరుగదు. యంత్రమును బాగుచేయువాని తీరు దీనికి తలక్రిందులుగా నుండవలెను. అతడు మొదట యంత్రమునకు వెలుపలనున్న వానిని చూచును. తొట్టిలో నీరున్నదా? తొట్టి తన చోట సరిగా కూర్చున్నదా? గోడలోని ప్లగ్గునందు కరెంటున్నదా? తరువాత పొడిగిన్నె తీసివేసి వట్టి నీటిని వదలి చూచును. నీరు ధారగా వచ్చినచో యంత్రము నిర్దోషి. పొడిని మితిమీఱి మెత్తగా నూఱుటయో, గట్టిగా అదుముటయో కారణము. యంత్రము చెడెనని మొఱపెట్టువారిలో ఎందఱో ఈ ఒక్క పరీక్షతో బయటపడుదురు.

నీరు రాలేదా, పంపు చప్పుడు వినవలెను. గురక యథాప్రకారముగా నుండి నీరు రాకున్నచో పంపులో గాలి చిక్కియుండవచ్చును. ఆవిరిగొట్టపు మీటను విప్పి పంపును నడపినచో గాలి పోయి నీరందును. గురకయే లేకున్నచో కరెంటు అందలేదనియో, పంపు కాలినదనియో యెంచవలెను. గొట్టమున వేడినీరు వచ్చుచు కాఫీ దిగుచోట రాకున్నచో, అడ్డము వాల్వులోనో జల్లెడలోనో ఉన్నది. కాఫీ దిగిన పిమ్మట పొడి బురదవలె నుండి, పిడి విప్పగా ఫట్టున చిమ్మినచో, వాల్వు ఒత్తిడిని వదలుటలేదని అర్థము. పిడి అంచునుండి నీరు కాఱినచో రబ్బరు వలయము గట్టిపడి పగిలినదన్నమాట. ఇట్లు ఒక్కొక్క లక్షణము ఒక్కొక్క అంగమును చూపును. కాని ఒకేసారి రెండింటిని మార్చరాదు. వలయమును మార్చి, పొడిని మార్చి, నీటినిగూడ మార్చినవానికి కాఫీ బాగుగా దిగినను, దేనివలన దిగినదో తెలియదు. తెలియనిది మరల చెడును.

మేమిచ్చట ఒకమాట చెప్పక యుండలేము. ఇంటిలో ఉంగరమో డబ్బో కనబడనప్పుడు మన కుటుంబములలో జరుగు విచారణ యెట్టిది? తలగడ క్రిందను, బీరువా మూలను వెదకకమునుపే పనిచేయు ఆమె ముఖము చూచెదము. ఆమె మూట విప్పించెదము. తరువాత ఆ యుంగరము స్నానాలగదిలో దొరకిన దినమున సిగ్గుపడువారు కొందఱే. క్షమాపణ వేడువారు అంతకంటె కొందఱు. దగ్గఱనున్న కారణమును, మన చేతిలోని కారణమును మొదట చూచి, బలహీనునిపై అనుమానమును చివరకైనను ఋజువు లేనిదే మోపకుండుట యను అలవాటు యంత్రముల యొద్ద నేర్చినవాడు మనుష్యుల యొద్ద పూర్తిగా మఱచునని మేము నమ్మము. మఱచువారును కలరు, యంత్రమును ఓపికతో విచారించి, భార్యను విచారింపకయే తిట్టు ఇంజనీరులను మేమెఱుగుదుము. అయినను ఒకచోట నేర్చిన న్యాయము వేఱొకచోటికి పోవుటకు త్రోవ యేర్పడును.

నీటిని గుఱించి రెండు మాటలు. దక్కను రాతినేలలో బోరుబావి నీరు త్రాగు ఊళ్లలో ఈ యంత్రములను చంపునది సున్నపు గార. కాచిన గిన్నె అడుగున తెల్లగా పట్టునదే బాయిలరులోను పట్టును; పలుకులై విఱిగి వాల్వులో ఇఱుకును. నిమ్మ ఉప్పు నీటిలో కరగించి తయారీదారుడు చెప్పిన పాళ్లలో, చెప్పినంత సేపు మాత్రమే నిలిపి, మంచినీటితో పలుమాఱులు కడిగినచో గార కరగును. అల్యూమినియము బాయిలరులలో పులుసునీటిని రాత్రియంతయు నిలిపినచో గారతోపాటు లోహమునుగూడ తినును. అట్లని నీటిలోని ఖనిజములనెల్ల తీసివేసిన పరిశుద్ధజలము పోయవలెననుటయు సరికాదు. లోహపు కడ్డీతో నీటిమట్టమును కనిపెట్టు కొన్ని యంత్రములకు అట్టి నీరు కనబడనే కనబడదు, రుచియు పలుచబడును.

మా యింటి యంత్రమునకు ఇట్టి జబ్బే వచ్చినది. అధికారిక మరమ్మతు కేంద్రమునకు తీసికొనిపోగా, అచ్చటి యువకుడు మర్యాదతో పరీక్షించి, లోపలి భాగమునంతటిని మార్చవలెననియు, దానికగు వ్యయము క్రొత్తదాని వెలలో సగమునకు మించుననియు చెప్పెను. వాల్వును మాత్రము విప్పి చూడవచ్చును గదా యని మేమడిగితిమి. విప్పుటకు తనకు అనుమతి లేదనియు, వాల్వు వేఱుగా తమకు రాదనియు అతడు బదులుచెప్పెను. మేము యంత్రమును ఇంటికి తెచ్చి, నాలుగు మరచీలలు విప్పి, వాల్వును వేఱుచేసి చూడగా ఆవగింజంత సున్నపు పలుకు రంధ్రమునకు అడ్డుపడి యున్నది. దానిని తీసి, భాగములను నిమ్మ ఉప్పు నీటిలో కడిగి మరల బిగించితిమి. ఒక సాయంకాలము పట్టినది. ఆ యువకుడు మోసగాడని మేమనము. అతని చేతికి నేర్పున్నది. ఆ నేర్పును వాడవద్దని అతనికి జీతమిచ్చుచున్నారు. మేము ఎక్కువగా జాలిపడినది మా ధనమునకు కాదు, ఆ చేతులకు.

చేతిపని యన్నంతనే మనవారి మనస్సున నొక పాతమురికి కదలును. కమ్మరి, వడ్రంగి, కంచరి, కంసాలి, కాసె యని పంచాణమువారిని పేర్కొని, వారు చేసిన నాగలితో దున్నిన అన్నము తిని, వారు పోసిన విగ్రహమునకు మ్రొక్కి, వారిని మాత్రము అరుగుమీదనే కూర్చుండబెట్టిన సంఘము మనది. నేడు ఆ మాట పైకి అనము. కాని బి.ఇ. పట్టము గోడకు తగిలించి, పానా పట్టుట తనకు తగదనుకొను పెద్దమనిషి యెందుకట్లనుకొనుచున్నాడు? చదువు చేతులను విడిపించునను నమ్మకము ఎచ్చటినుండి వచ్చినది? విదేశములకు పోయిన మనవారు అచ్చట కూలివాడు దొరకక తమ కుళాయి తామే బిగించుకొందురు, తమ గోడలకు తామే రంగువేసికొందురు, ఆ చిత్రములు బంధువులకు పంపుదురు. సెలవులకు స్వగ్రామమునకు వచ్చినప్పుడు బల్బు మార్చుటకు మనిషిని పిలిపింతురు. అమెరికాలో గౌరవమైన పని అనకాపల్లిలో అగౌరవమగుట యెట్లో మాకు బోధపడలేదు.

ఇచ్చట నొక గట్టి ఆక్షేపణ కలదు. 'ప్రతివాడును తన యంత్రమును తానే బాగుచేసికొన్నచో, దానిమీద బ్రదుకువాని నోట మన్నుకొట్టినట్లు కాదా?' అని కొందఱు సత్పురుషులు అడుగుదురు. దీనిని తేలికగా త్రోసివేయరాదు. హైదరాబాదు కోఠీలో గుజరాతీ గల్లీ మొదలు ప్రతి పట్టణములోను చిన్న కొట్టునందు టంకము పెట్టుకొని కూర్చుండి, పాఱవేయదగినదానికి ప్రాణము పోయుచు కుటుంబమును పోషించువారు ఎందఱో కలరు. వారికి పని తప్పించుట మా కోరిక కాదు. కాని వారి పనిని నిజముగా హరించుచున్నదెవరు? తన యింటి వలయమును తాను మార్చుకొను గృహస్థు ఆ వలయమును వారి కొట్టులోనే కొనును. చేతకానప్పుడు వారి యొద్దకే పోవును. వారి నేర్పుయొక్క వెల అతనికి తెలియును గనుక కూలికి బేరమాడుటకు వెనుదీయును. మూత విప్పని గృహస్థు యంత్రమును పాఱవేసి క్రొత్తది తెచ్చును. అతనివలన చిన్న కొట్టువానికి చిల్లిగవ్వ దక్కదు. విడిభాగములు అమ్మక, పటములు దాచి, మామూలు పానాకు లొంగని మరచీలలు బిగించి, మూతను అతికివేయు తయారీదారుడు ఇద్దఱినిగూడ ఒకేసారి బయటికి నెట్టుచున్నాడు.

ఈ పోకడ క్రొత్తది కాదు. 1924లో జెనీవాయందు విద్యుద్దీపములు చేయు పెద్దసంస్థలు ఫీబస్ అను కూటమిగా ఏర్పడి, దీపము 1,000 గంటలకు మించి వెలుగరాదని కట్టుదిట్టము చేసికొని, మించి వెలిగిన దీపములు చేసినవారికి జరిమానాలు విధించెను. ఎక్కువకాలము వెలుగు దీపము నేరమైన దినమది. దానికి విరుగుడుగా శాసనములు మెల్లమెల్లగా వచ్చుచున్నవి. సంస్థ తన పేరు గల భాగములే వాడిననే హామీ చెల్లునని షరతు పెట్టరాదని అమెరికాలో 1975 నాటి చట్టము సాధారణముగా నిషేధించెను. 2021 జనవరి మొదలు ఫ్రాన్సుదేశమున కొన్ని యంత్రములమీద, బాగుచేయుట ఎంత సులభమో 10కి ఇన్ని మార్కులని ముద్రింపవలసివచ్చెను. మన దేశమున 2022 జూలైలో వినియోగదారుల వ్యవహారముల శాఖ ఇందుకొక సంఘమును నియమించి, ఆ డిసెంబరున తయారీదారుల మరమ్మతు సమాచారము నొకచోట చేర్చు ఏర్పాటు చేసెను. 2024 జూన్ నెలలో ఐరోపా సమాఖ్య బాగుసేత హక్కును గుఱించి ఆదేశము వెలువరించెను. బట్టలుతుకు యంత్రములు, శీతలపెట్టెలు, చేతిఫోనులు ఆ పట్టికలో నున్నవి, కాఫీయంత్రము మాత్రము లేదు. ఆమ్‌స్టర్‌డామ్ నగరమున 2009లో మార్టీనె పోస్ట్‌మా అను స్త్రీ ఆరంభించిన రిపేర్ కఫేల పద్ధతి మాకు వీనియన్నిటికంటె నచ్చినది. అచ్చట నేర్పరి మీ యంత్రమును పుచ్చుకొని లోపలికి పోడు. మీ ప్రక్కన కూర్చుండి మీచేతనే విప్పించును.

ఇంతవఱకు బాగుసేతను పొగడితిమి. ఇక దాని హద్దును చెప్పవలెను. ఈ వ్యాసము వ్రాయుటకు అసలు కారణమదియే.

మాకు తెలిసిన గృహస్థు ఒకరు చేతిపనియందు ఆసక్తి గలవారు. వారి యంత్రము ఒక దినమున వేడెక్కుట మానినది. ఆయన మల్టీమీటరు పట్టి, క్రమముగా శోధించి, బాయిలరు ప్రక్కనుండు ఉష్ణపు ఫ్యూజు కాలిపోయినదని కనుగొనెను. ఈ ఫ్యూజు చూపునకు చిన్న గొట్టమంత యుండును. థర్మోస్టాట్ పాడై కరెంటును ఆపనప్పుడు, నీరులేని బాయిలరు ఎఱ్ఱగా కాలి ఇల్లంటుకొనకుండ, అది తాను తెగి కరెంటును నిలుపును. ఒక్కసారి తెగినది మరల అతుకదు. కొత్తది ఇటలీనుండి రావలెను. రెండువారములకు పైగా పట్టునని తెలిసెను. అందుచే ఆయన ఫ్యూజు రెండు కొనలకు నడుమ ఒక రాగితీగ కలిపి మూత బిగించెను. యంత్రము వేడెక్కెను. కాఫీ మునుపటివలెనే దిగెను. నురుగు బంగారువన్నెగానే యుండెను. ఆయన దీనిని మాకు గర్వముతో చెప్పెను.

మేము అభ్యంతరము చెప్పగా ఆయన వాదము ఇట్లు సాగినది: యంత్రము నాది, ఇల్లు నాది, అపాయము నాది, నేను దగ్గఱనుండి నడుపుకొందును, పదునైదు దినముల మాట. వినుటకు ఇది స్వాతంత్ర్యవాదమువలె నుండును. కాని ఆ యింట తెల్లవారుజామున 5 గంటలకు ఆ యంత్రపు మీట నొక్కునది ఆయన కాదు, వంటచేయు ఆమె. ఆమెకు లోపలి రాగితీగ కనబడదు. మూత బిగింపబడియున్నది. ఆమెకు తెలిసినదెల్ల, అయ్యగారు యంత్రమును బాగుచేసిరని. ఆ మాటను నమ్మి ఆమె మీట నొక్కి, పాలు తెచ్చుటకు వీధిలోనికి పోవును. ఆ గదికి ఆనుకొని పిల్లలు నిద్రించుచుందురు.

తన వస్తువును తాను బాగుచేసికొనువానికి మీదివాడు లేడు. మరమ్మతు కేంద్రములో ఒకరు చేసినదానిని వేఱొకరు పరీక్షింతురని యైనను అనుకోవచ్చును. ఇచ్చట వైద్యుడును, వైద్యునిపై అధికారియు, మందును త్రాగు రోగియు ఒక్కడే యని గృహస్థు భావించును. రోగులు వేఱుగా నున్నారని మఱచును. పనిచేయుచున్నది, సురక్షితముగానున్నది అనునవి రెండు వేఱు మాటలు. మొదటిదానికి కాఫీయే సాక్ష్యమిచ్చును. రెండవదానికి మూత క్రింద చేసినవాని మనస్సుతప్ప వేఱు సాక్ష్యము లేదు. కాలిన ఫ్యూజు స్వయముగా నొక సాక్షి. పైనున్న థర్మోస్టాట్ తన పని మానెనేమో చూడుమని అది చెప్పినది. ఆయన సాక్షి నోరు కట్టి, వ్యాజ్యెము తీఱినదనెను.

కావున మేము బాగుసేతను ధర్మమనినప్పుడు దానియందు ఇవియు చేరియున్నవి. ప్లగ్గును గోడనుండి ఊడదీసినగాని, బాయిలరు చల్లాఱి ఆవిరి యంతయు పోయినగాని మూత విప్పరాదు. మీట ఆర్పుట చాలదు. ఎర్తు తీగను విప్పినచో తిరిగి అచ్చటనే గట్టిగా బిగింపవలెను. లెక్కకు ఒక మరచీల మిగిలినచో మరల మొదలు పెట్టవలెను. కాపాడుటకై పెట్టిన అంగమును, అది అడ్డము వచ్చినదని తొలగింపరాదు. యంత్రమును అమ్మునప్పుడో, బంధువులకు ఇచ్చునప్పుడో తాను లోపల చేసిన మార్పులనెల్ల చెప్పవలెను. 230 వోల్టుల తీగను చూచి ఏది యేదో పోల్చుకొనలేనివాడు వలయముతోను జల్లెడతోను ఆగి, తక్కినదానికి నేర్పరిని పిలువవలెను. అట్లు పిలుచుటయందు అవమానము లేదు.

కాలము విలువను గుఱించి వాదించువారికి మేము పెద్దగా బదులుచెప్పము. గంటకు వేయి రూపాయలు సంపాదించువాడు వందరూపాయల వలయముకొఱకు ఆదివారము పాడుచేసికొనుట నష్టమని వారు లెక్కవేయుదురు. లెక్క తప్పు కాదు. ఒక్కొక్కప్పుడు విడిభాగపు వెలకంటె దానిని తెప్పించు వ్యయము ఎక్కువగును; విప్పగా అతుకుమూత పగిలి యంత్రము పూర్తిగా పోవుటయు కలదు. అయినను ఆ ఆదివారమున ఆ వాదించువారు వేయిరూపాయలు సంపాదించుట మేము చూడలేదు. ఫోను తిప్పుచుండుట చూచితిమి.

మరల ఆ గృహస్థు మాట. వాదము నడుచుచుండగా వంటచేయు ఆమె అచ్చటనే పాత్రలు సర్దుచుండెను. ఆమె మెల్లగా చెప్పిన మాట మమ్ము ఆశ్చర్యపఱచినది: ఫ్యూజు కాలకమునుపు పదిదినములుగా యంత్రము ఊరకనున్నప్పుడుకూడ బుసకొట్టుచుండెనట, దీపము ఎంతసేపటికిని మాఱకుండెనట, కాఫీలో మాడువాసన తగిలినదట. ఇంటిలో ఇద్దఱికి చెప్పినదట, ఎవరును వినలేదు. ఆమె చెప్పినవి థర్మోస్టాట్ పాడగుటకు ఉండవలసిన లక్షణములే. మల్టీమీటరు పట్టిన చదువరికి తెలియనిది, దినమునకు నాలుగు మాఱులు ఆ యంత్రము ముందు నిలుచు ఆమె చెవికి ముందే తెలిసినది. మన యిండ్లలో యంత్రములను వాడువారు ఆడువారు, విప్పువారు మగవారు. స్క్రూడ్రైవర్ల పెట్టెను కొడుకునకు కొనిపెట్టి, ప్రక్కన నిలిచి దీపము పట్టుమని కూతురితో అందుము. కొడుకునకు ఆసక్తి లేకున్నను కొనెదము, కూతురికి ఉన్నను కొనము.

ఆ గృహస్థు ఆ సాయంకాలమే రాగితీగను తీసివేసెను. ఫ్యూజుతోపాటు థర్మోస్టాట్‌నుకూడ తెప్పించెను. అవి వచ్చిన దినమున ఆయన మూత విప్పి, వంటచేయు ఆమెను, తన కూతురిని ప్రక్కన నిలిపి, ఏది దేనికొఱకున్నదో చూపెను. కూతురే పాత థర్మోస్టాట్‌ను విప్పి క్రొత్తదానిని బిగించినది. వచ్చుటకు 17 దినములు పట్టెను. ఆ 17 దినములును ఆ యింట ఇత్తడి ఫిల్టరుతో కాఫీ దింపిరి; కాఫీ బాగుగానే యున్నదని వారందఱును చెప్పిరి.